దండం కాదవ్వా, ఫిట్స్

డాక్టర్ సుభద్ర గారు ఇక లేరు. నాచారంలోని తమ ఇంట్లో, నిద్రలోనే గుండె ఆగి కన్నుమూశారన్న వార్త ఆదివారం ఉదయం ఉప్పల్ మెట్రో మెట్లెక్కుతుండగా విన్నాను. శనివారం కూడా నన్ను తిట్టారు. అదే చివరి తిట్టని ఎలా అనుకుంటాను?

మందులకు లొంగని మూర్ఛతో బాధపడే పసిపిల్లలకు మెదడు శస్త్రచికిత్స చేయడమే ఆమె జీవితం. ఆపరేషన్ వేళ మెదడు తరంగాలను గమనించే శిష్యుడిగా చాలా ఏళ్లు ఆమె పక్కన నిలబడే భాగ్యం నాకు దక్కింది. "తెర మీద గీతలు చూసింది చాలు, పిల్లను చూడు నాయనా" అని ఎన్నిసార్లు దెప్పారో! మా దగ్గర కోపం ముక్కు మీదే ఉండేది. తల్లుల దగ్గర మాత్రం అపారమైన ఓర్పు.

చిల్కానగర్ నుంచి వచ్చిన ఏడాది పాపను మరువలేను. కుడి చేయి కొట్టుకునే ఫిట్స్‌కు ఎన్ని మందులు మార్చినా తగ్గలేదు. "ఇంకేమన్న చేస్తదా?" అని సుభద్ర గారు అడిగారు.

"ఇంకేం లేదు మేడం. పొద్దుగాల లేవంగనే వంగి వంగి దేవునికి దండం వెడ్తది. ఎవ్వరు నేర్పలె. మా గల్లీ అంత వచ్చి సూస్తరు" అంది నాయనమ్మ గర్వంగా.

సుభద్ర గారు ఆ ముసలమ్మ చేయి పట్టుకున్నారు. "అది దండం కాదవ్వా, అది గూడ ఫిట్సే."

"అయ్యో, నేను మురుసుకుంట సూసిన గద బిడ్డా!"

"ఎవరైనా మురుస్తరు. నీ తప్పేం లేదు."

పాప మెదడులో ఎడమ సగం పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదు. కుడి సగంతో దానికున్న సంబంధాన్ని తెంచేయడమొక్కటే మార్గం. నాచారం ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి "కుడి చెయ్యి పోతదా?" అన్నాడు. "వేళ్లతోని పని సరిగ రాదు. నడుస్తది, జర కుంటుతది. ఫిట్స్ ఆగుతయని ఒట్టేసి చెప్పలేను. ఆశ మస్తుంది" అన్నారామె. అబద్ధంతో ధైర్యం చెప్పడం ఆమెకు రాదు.

తల్లి అడిగింది ఒక్కటే. "నన్ను గుర్తు పడ్తదా మేడం?" ఆ బిడ్డ అప్పటిదాకా అమ్మ ముఖం వంక చూడనేలేదు.

"అందుకే చేద్దామంటున్న" అన్నారు సుభద్ర గారు.

ఆపరేషన్ చేశారు. ఫిట్స్ ఆగాయి. కొన్ని నెలల తర్వాత, ఆసుపత్రిలో మా గది బయటి వసారాలో తల్లి పిలిస్తే ఆ పాప తల తిప్పి నవ్వింది. మా గురువుగారు గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. వెంటనే "ఏం చూస్తున్నారు, పని లేదా?" అని మమ్మల్ని కసిరారు.

ఆమెకు నివాళి రాద్దామని కూర్చుంటే చర్లపల్లి నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. అతని రెండేళ్ల కొడుక్కి ఈ వారమే ఆపరేషన్.

"మేడమే చేస్తది గద సార్?"

మేడం చనిపోయారని చెప్పాను.

"ఆమెను సూసే ఒప్పుకున్నం సార్. ఇగ మాకెవరు?"

ఆమె తీర్చిదిద్దిన నిపుణులున్నారని, పిల్లవాడికి ఏ లోటూ రానివ్వరని చెప్పాను. అది నిజమే. కానీ అతను అడిగింది ఆపరేషన్ గురించి కాదు. రాస్తున్న కాగితం పక్కన పెట్టి, పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగాను.