తాళం వేసిన ఇంట్లో కడిగిన సింకు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వేరే పనిలో పడే మనిషిని నేను. ఇప్పుడు నా నమ్మకం మారిందని చెప్పడానికి ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది వనపర్తి. కాలేజీలో తెలుగు చెబుతాను. పిల్లలు లేరు. మా ఆయన పోయిన ఏడాది చలికాలంలో గుండెపోటుతో పోయారు.

మా బోరువి ఉప్పు నీళ్లు. స్టీలు సింకును తడిగా వదిలేస్తే తెల్లారేసరికి తెల్లటి చారలు కడుతుంది. ఆ పని ఆయన తన మీద వేసుకున్నారు. రాత్రి గిన్నెలయ్యాక, పులుసు పిసికిన చింతపండు పిప్పికి ఉప్పు అద్ది సింకంతా రుద్దేవారు. కడిగి, పాత లుంగీ గుడ్డతో తుడిచి, చెత్త ఆపే జాలిని తీసి నల్లా పక్కన బోర్లించేవారు.

పాన్‌గల్‌లో ఉండే మా చెల్లెలు వచ్చినప్పుడల్లా ఆటపట్టించేది.

"బావా, మా సింకు గూడ అధ్వానమైంది. జర వచ్చి పోరాదు."

"మీ ఆయన్ని తోలియ్యి. నేర్పిచ్చి పంపుత" అనేవారు ఆయన.

ఆయన పోయాక నాకు దాని మీద మనసు పోలేదు. సింకు చారలు కట్టింది. ఒకరోజు పొద్దున చూస్తే శుభ్రంగా ఉంది, జాలి బోర్లించి ఉంది. నేనే కడిగి ఉంటాననుకున్నాను. మళ్లీ కొన్నాళ్లకు అలాగే. కడిగినట్టు గుర్తు లేదు.

నన్ను భయపెట్టింది దయ్యం కాదు. మా అమ్మ చివరి రోజుల్లో వండింది మరిచిపోయి మళ్లీ వండేది. ఎవరో వచ్చి వండిపోయారనేది. చెల్లెలికి చెప్పగానే దాని ముఖం మారింది.

"అమ్మకు గూడ గిట్లనే షురువైంది అక్కా. హైదరాబాద్‌ల డాక్టర్‌కు చూపిద్దాం."

"పాఠం చెప్పేటప్పుడు ఒక్క పద్యం తప్పుతలేను గదనే."

"అమ్మ గూడ పాటలు మర్వలే."

ఇక పాఠాలు మానుకోవాలేమో, నన్ను ఒక్కదాన్నే ఉండనివ్వరేమో అని దిగులు పట్టుకుంది.

వేసవి సెలవుల్లో చెల్లెలు నన్ను తనింటికి తీసుకుపోయింది. సెలవుల చివర డాక్టరు దగ్గరికి పోదామని మాట. బయల్దేరే రోజు సింకు చారలతో ఉంది. కావాలనే అలా వదిలేసి, చెల్లెలికి చూపించాను. ట్యాంకు వాల్వు మూశాను. చింతపండు డబ్బా ఖాళీ చేసి కడిగి పెట్టాను. ఉన్న ఒక్క తాళంచెవీ నా పర్సులోనే ఉంది. పాన్‌గల్‌లో చెల్లెలు నన్ను ఒంటరిగా గడప దాటనివ్వలేదు. రాత్రి నా పక్క మంచం మీదే పడుకునేది.

హైదరాబాద్ పోయే ముందు బట్టల కోసం ఇద్దరం వనపర్తి వచ్చాం. మంచి ఎండ. తలుపు తీయగానే బాత్రూమ్ వైపు నుంచి మోరీ కంపు కొట్టింది. ఎండాకాలం ఇల్లు మూసి ఉంటే అంతే. పైపు వంపులో నిలిచే నీళ్లు ఆరిపోయి వాసన పైకి వస్తుంది.

వంటింట్లో మాత్రం ఏ వాసనా లేదు. సింకు మీద ఒక్క చార లేదు. జాలి నల్లా పక్కన బోర్లించి ఉంది. దాని కింద చింతపండు పిప్పి, ఇంకా మెత్తగానే. నల్లా తిప్పితే గాలి తప్ప చుక్క రాలేదు. కిటికీల గడియలు లోపలి నుంచి వేసినవి వేసినట్టే ఉన్నాయి.

చెల్లెలు లుంగీ గుడ్డ తీసి పిండింది. నీళ్లు కారాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వైతే కాదక్కా. నా కండ్ల ముంగటనే ఉంటివి."

"మరి డాక్టర్ దగ్గరికి పోదామా?"

"పోయి ఏం చెప్తం? మా అక్క సింకు కడుగలేదని చెప్దామా?"

నాకు భయం వేయలేదు. గుండె మీది బరువు దిగింది. దిగాకే ఏడుపు వచ్చింది.

ఆ తర్వాత ఎప్పుడూ అలా జరగలేదు. కాలేజీ తెరిచారు, పాఠాలు చెబుతున్నాను. ఇప్పుడు సింకు నేనే కడుగుతున్నాను. ఒకపూట బద్ధకిస్తే పొద్దున చారలు చారల్లాగే ఉంటున్నాయి. అప్పుడు ఎవరు కడిగారో ఎంత ఆలోచించినా తేలలేదు. నేను కాదని మాత్రం తెలుసు.