ఓవెన్‌లో ఆరిన మట్టి

మట్టి ప్రయోగశాలలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసినా ఆయనను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ బంకమావయ్యే. తడిమట్టిని గాజుపలక మీద అరచేత్తో దారంలా చుట్టి, అది ఏ సన్నానికి తెగుతుందో చూసి దాని జాతకం చెప్పేవాడు. తెగకుండా సాగిందంటే ఆ నేల నీళ్లకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైనున్న గోడను నిలవనివ్వదు.

ఉద్యోగ విరమణ తొమ్మిది రోజులుందనగా ఆయన అలమరలోని సంచులు సర్దుతున్నాడు. సముద్రం ఒడ్డున కట్టబోయే ఆసుపత్రి స్థలం మట్టి ఒక సంచిలో ఇంకా తడిగానే ఉంది. అలవాటుకొద్దీ చిటికెడు తీసి చుట్టాడు. తెగలేదు. ఇంకా సన్నం చేశాడు. అప్పుడూ తెగలేదు.

ఆ మట్టి ఉబ్బకుండా గట్టిపడడానికి నూటికి మూడు పాళ్లు సున్నం కలిపితే చాలని నెల క్రితం రిపోర్టు మీద సంతకం పెట్టింది ఆయనే. అప్పుడు వారం రోజులు ముసురు. నీడలో ఆరని మట్టిని ఓవెన్‌లో పెట్టాడు. సముద్రపు మట్టికి వేడి తగలనివ్వకూడదని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేదీ ఆయనే. వేడికి దాని పొగరు అణుగుతుంది. పరీక్షలో పిల్లిలా కూర్చుని, పునాది కింద పులవుతుంది.

అక్కడ సైటు ఇంజనీరు సొంత అల్లుడే. సాయంత్రం భోజనాల దగ్గర సంగతి చెబితే, ఎల్లుండే సున్నం కలపడం మొదలని, ఆపితే పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది తనేనని మెల్లగా గుర్తుచేశాడు. కూతురు కంచాలు తీస్తూ, "ఇన్నేళ్లు మట్టి పిసికి, ఇప్పుడు నెత్తిన పోసుకుంటావా నాన్నా?" అంది.

మర్నాడు అధికారి గదిలోకి వెళ్లి, రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాడు.

"వారం రోజుల్లో పోయేవాడివి. సర్వీసు పుస్తకంలో ఎర్రసిరా ఎందుకయ్యా?"

"పోయేది నేనండీ. ఆసుపత్రి అక్కడే ఉంటుంది."

పని ఆగింది. ఎర్రసిరా పడింది. వీడ్కోలు సభలో అధికారి ఆయన ఓర్పును పొగిడాడు, పనితనాన్ని పొగిడాడు. అందరికీ చెప్పే 'మచ్చలేని సేవ' అన్న మాట మాత్రం దాటేశాడు. ఆయన తలవంచుకుని దండ సర్దుకున్నాడు.

ఓవెన్‌లో పెట్టని మట్టికి సున్నం కలిపి కొత్తగా పోసిన దిమ్మెలు ఇరవై ఎనిమిది రోజులు గట్టిపడ్డాక ఆయన మళ్లీ ప్రయోగశాలకు వచ్చాడు. గేటు పుస్తకంలో, వచ్చిన పని దగ్గర 'సొంత పని' అని రాశాడు. అల్లుడు అప్పటికే లోపలున్నాడు. రెండు దిమ్మెలను నీళ్లలో దించారు. మూడు పాళ్ల సున్నం కలిపినది గంటలో గంజయింది. ఆరు పాళ్లది అలాగే నిలిచింది.

అల్లుడు ఆ బురదకేసి కాసేపు చూసి, ఫోను తీసి, సున్నం రెట్టింపు తెప్పించమని చెప్పాడు. బంకమావయ్య బురద గిన్నెను తనే కడిగి, బోర్లించి, ఇంటికి నడిచాడు.