గుత్త చేనికి రాని విత్తనాలు

నేను చిత్తూరు దగ్గర ఒక పంచాయతీ సమితిలో గ్రామసేవకుడిగా చేరాక వరసగా రెండేళ్లు వానల్లేవు. విత్తనానికని దాచుకున్న చెనిక్కాయలు కూడా జనం తినేశారు. చిన్నకారు రైతులకు సబ్సిడీ మీద వేరుశనగ విత్తనకాయలు ఇవ్వమని ఉత్తర్వు వచ్చింది. జాబితా రాసే పని నాకు పడింది.

ఒక ఊళ్లో భర్త పోయిన ఒకావిడ ఉండేది. ఆ ఊరి ప్రెసిడెంటు చేనులో మూడెకరాలు గుత్తకు, అంటే కౌలుకు, చేసేది. భర్త ఉన్నప్పటి నుంచీ అదే చేను. పేరు రాస్తుంటే అడిగింది.

"గుత్తకు చేసేటోళ్లకు గూడా ఇస్తారా సామీ?"

"దున్నేది నువ్వు కదమ్మా, ఇస్తారు," అన్నాను. నిబంధన చదవకుండానే అన్నాను.

ఆ మాట నమ్మి ఆమె ఉన్న రెండు మేకలూ అమ్మి, ఎద్దుల్ని బాడుగకు తెచ్చి చేను దున్నించింది.

కరణం తన రికార్డు తెచ్చి సరిచూసినప్పుడు ఆమె పేరు ఎగిరిపోయింది. కాగితాల్లో గుత్తదారుగా ఆమె లేదు. పేరెక్కితే రేపు హక్కు అడుగుతుందని ప్రెసిడెంటు ఎప్పుడూ ఎక్కించనివ్వలేదు. ఆయన భూమంతా భార్య, ఇద్దరు కొడుకులు, పెద్దకోడలి పేర్ల మీద ముక్కలై ఉంది. పెద్దకొడుకు మద్రాసులో బ్యాంకు ఉద్యోగి. జాబితాలో వాళ్లంతా చిన్నకారు రైతులే.

"రికార్డు ప్రకారమే ఉండాది కదప్పా, సంతకం పెట్టు," అన్నాడు మా ఆఫీసరు. నాకు అప్పుడు ఇద్దరు పసిపిల్లలు. బదిలీ అంటే భయం. పెట్టాను.

కాయలు ఊళ్లోకి వచ్చిన వారంలోనే మంచి వాన పడింది. నేను సైకిల్ మీద పోతుంటే ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

"రెండు దినాలు పోతే పదును ఆరిపోతాది సామీ. నాకు కాయలెప్పుడు ఇస్తారు?"

"నీ పేరు రాలేదమ్మా."

"మీరే కదా రాసినారు," అంది. తిట్టి ఉంటే బాగుండేది. కరణం కొట్టేసిన సంగతి చెప్పాను. నా సంతకం సంగతి చెప్పలేదు.

మర్నాడు పని మీద ప్రెసిడెంటు ఇంటికి వెళ్లాను. వసారాలో కూలికి వచ్చిన ఆడవాళ్లు సబ్సిడీ కాయలు వలుస్తున్నారు. వాళ్లలో ఆమె ఉంది. ఒక్క గింజ కూడా ఎవరి నోట్లోకీ పోకుండా పెద్దకోడలు ఎదురుగా పీట వేసుకుని చూస్తోంది. ఆ భర్త పోయినావిడ నన్ను చూసి తల దించుకుని మళ్లీ వలవసాగింది. కమిలిన బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

"కూర్చో అప్పా," అని ప్రెసిడెంటు కాఫీ తెప్పించాడు. తాగాను.

దున్నిన చేను ఖాళీగా ఎందుకని ఆయన ఆ మూడెకరాల్లోనూ తన మనుషులతో విత్తించాడు. ఆమెకు గుత్త పోయింది. నెల తిరక్కముందే నగరి వెళ్లిపోయిందని, అక్కడ మగ్గాల వాళ్ల దగ్గర నూలు చుడుతోందని తర్వాత తెలిసింది. ఆ ఏడు పంట బాగా పండింది. పథకం బాగా అమలైందని మా సమితిని పైవాళ్లు మెచ్చుకున్నారు.

కొన్నేళ్లకు తిరుత్తణి పోతూ నగరిలో బస్సు దిగాను. మగ్గాల చప్పుడు వినిపించే వీధి మొగదాకా నడిచాను. ఆమె కనిపిస్తే ఏం చెప్పాలో తెలియలేదు. ఎవరినీ అడగకుండానే వెనక్కి వచ్చి తర్వాతి బస్సు ఎక్కాను.