లారీ దిగిన మనిషి

మా నాన్న యుద్ధానికి వెళ్లాడు. ఎందుకెళ్లాడంటే, అక్కడ కూడు పెడతారని వెళ్లాడు. దేశం కోసం అంటాడు మా తమ్ముడు. వాడు చదువుకున్నవాడు, బాపట్లలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను నలభై దాటాక చర్చి వరండాలో అక్షరాలు దిద్దినదాన్ని. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను.

తెనాలిలో ఒక మాష్టారున్నారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక రెండో ప్రపంచ యుద్ధం మీద పెద్ద పుస్తకం రాస్తున్నారు. ఎవరు ఎవరితో ఒప్పందం చేసుకున్నారు, ఏ సేన ఎటు కదిలింది, ఢిల్లీలో ఏమనుకున్నారు, లండన్‌లో ఏమనుకున్నారు, అన్నీ. మన వైపు నుంచి వెళ్లినవాళ్ల గురించి కూడా ఒక అధ్యాయం ఉంది. దానికోసం కొలకలూరు నుంచి నగరం దాకా ఊరూరా తిరిగారు. పుస్తకం వచ్చిన రోజున ఆ కుటుంబాలవాళ్లకి మా చర్చిలో శాలువాలు కప్పుతామని పాస్టరుగారు చెప్పారు. తమ్ముడు అప్పుడే తెల్లచొక్కా కుట్టించేశాడు.

మాష్టారు మా ఇంటికొచ్చిన రోజు వాడూ వచ్చాడు. కుర్చీలో కూర్చోగానే మొదలెట్టాడు.

"మా నాన్న బర్మాలో పోరాడారండి. కాల్లో గుండు దిగింది. పోయేదాకా కుంటుతూనే నడిచారు."

"గుండు కాదు. జంపని దారిలో చెరకు బండి చక్రం ఎక్కింది. నువ్వప్పటికి పాలు తాగుతున్నావు" అన్నాను.

"అక్కా, నువ్వూరుకో."

"ఎందుకూరుకుంటాను? పసుపు వేడిచేసి కట్టింది నేను."

మాష్టారు నవ్వారు. తర్వాత నెమ్మదిగా అడిగారు: "యుద్ధం అయిపోకముందే ఆయన ఈ చుట్టుపక్కల కనపడ్డారని ఒక పెద్దాయన చెప్పారమ్మా. సెలవు మీద వచ్చారా?"

తమ్ముడి మొహం మాడిపోయింది. చిన్నప్పుడు గోళీలాటలో తగువొచ్చిందంటే చాలు, పిల్లలంతా వాణ్ని "పిరికోడి కొడకా" అనేవాళ్లు. ఏడుస్తూ ఇంటికొచ్చేవాడు. ఆ గుండు కథ వాడు అందుకే కట్టుకున్నాడు. నాకు తెలుసు గనకే ఇన్నాళ్లూ పదిమందిలో కాదనలేదు. కానీ అచ్చులో అబద్ధం పడుతుంటే ఊరుకోలేను.

నాట్లేసేటప్పుడు ఆడవాళ్లం వరసగా వంగుంటాం. ఒకరి మొహం ఒకరికి కనపడదు. మొగుడు కొట్టిన సంగతైనా, కడుపు పోయిన సంగతైనా అక్కడే బయటపడుతుంది. అయితే వరసలో అన్న మాట గట్టెక్కకూడదు. అది మా కట్టుబాటు. నాన్న సంగతి అమ్మ నాకు అక్కడే చెప్పింది. ఆ వరసలోవాళ్లంతా పోయారు, నేను మిగిలాను. అందుకని చెప్పేశాను.

నాన్న సైన్యంలో లారీ క్లీనరు. రంగూన్ మీద జపాన్ వాళ్లు బాంబులేశాక దొరల సైన్యం వెనక్కొస్తోంది. లారీల్లో పెట్టెలూ మడత మంచాలూ. దారి పక్కన జనం, నడుచుకుంటూ. రంగూన్ రేవులో మూటలు మోసే కూలీ జనం, మనవాళ్లే చాలామంది. ఒకావిడ చంకలో బిడ్డతో కూలబడిపోయి, "అన్నా, కాసిని మంచినీళ్లుంటే పొయ్యి" అందట, తెలుగులో. నాన్న నీళ్లివ్వడానికి దిగాడు. మళ్లీ ఎక్కలేదు. ఆ బిడ్డని భుజానేసుకుని వాళ్లతోపాటు నడిచాడు. ఇక్కడికొచ్చాక పట్టుకుపోతారని మడ అడవిలో, పీతలు పట్టేవాళ్ల మధ్య దాక్కున్నాడు. అమ్మ గంజి ముంత తట్టలో పెట్టి, పైన గడ్డి కప్పి మోసుకెళ్లేది.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నాట్లకొచ్చావా ఏంటి? బడికెళ్లావు."

"ఆ బిడ్డ బతికిందా?"

"తెలీదు. అమ్మ ఒకసారి అడిగిందట. నాన్న లేచి బయటికెళ్లిపోయాడట."

మాష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సైన్యం దీన్ని పారిపోవడమే అంటుందమ్మా. మీకు ఇబ్బందైతే 'తిరిగి వచ్చారు' అని రాస్తాను."

"అలాగే రాయండి సార్" అన్నాడు తమ్ముడు.

"వద్దు సార్. పారిపోయాడనే రాయండి. ఎవరికోసం దిగాడో అదీ రాయండి. సైన్యం మొత్తం వెనక్కి తగ్గిందని మీరూ రాస్తారుగా, వాళ్లనెవరూ పిరికోళ్లనలేదే?"

"తీర్పు చెప్పడం నా పని కాదమ్మా. రెండు సంగతులూ పక్కపక్కనే పెడతాను" అన్నారాయన.

"ఇంక మనకి శాలువా ఏం కప్పుతారే" అన్నాడు తమ్ముడు.

"పోన్లేరా. కప్పితే నీ కొత్త చొక్కా కనపడదు."

కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నెల దాకా ఫోను లేదు.

తర్వాత ఒక పొద్దున తెనాలి నుంచి బస్సులో నేరుగా వచ్చాడు. మాష్టారింటికి వెళ్లాడట, ఆ మాట తీయించేద్దామని. చేతిలో అచ్చు కాయితం. నేను వేలు పెట్టి చదువుతూ 'పారిపోయాడు' దగ్గర ఆగి వాడి మొహం చూశాను. అలాగే ఉంది, తీయించలేదు.

"ఆగావేంటి, కిందకి చదువు."

చదివాను. నీళ్లు, ఆవిడ, భుజం మీద బిడ్డ. ఆ కింద, నేను చెప్పని వాక్యం ఒకటుంది: ఆ బిడ్డ సంగతి ఎవరికైనా తెలిస్తే తెలియజేయగలరు.

"అది నేను పెట్టించాను" అన్నాడు. "ఉంటే ఎనభై దాటుంటుంది. నీకంటే పెద్దది."