శ్రీలంక పిలుపు, అచ్చంపేట దాకా ప్రయాణం

మాది మర్రిగూడ మండలం. మా మేనత్త యాదమ్మకు నలభై ఏళ్లు నిండకముందే నడుం వంగిపోయింది, మెడ తిరగదు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆమె ఎముకల్లోకి దిగింది. నల్లా నీళ్లు వచ్చాక చిన్నపిల్లలకు ఆ భయం తగ్గింది కానీ, ఈ బాధ మా ఊళ్లకు మాత్రమే ఉందనుకుంటూ నేను పెరిగాను. డిగ్రీ చదివేటప్పుడు, శ్రీలంకలోని కొన్ని మెట్ట ఊళ్లలోనూ ఇవే నీళ్లని తెలిసింది. ఆనాటి నుంచి అక్కడికి వెళ్లాలని, వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడాలని ఒకటే కోరిక. మా జిల్లా యువజన సంఘం ఒక జాతీయ సంస్థతో కలిసి ఆరు వారాల పాటు అక్కడికి వాలంటీర్లను పంపుతోందని వినగానే పేరిచ్చాను. ఊళ్లలో నీళ్లు పరీక్షించడం, బడిపిల్లలతో మాట్లాడడం పని. ఎంపిక శిబిరం అచ్చంపేట దగ్గర.

ఉదయం ఆరున్నర బస్సుకు అత్త కట్టె పట్టుకుని స్టాండు దాకా వచ్చింది. "అక్కడికి పోతే జెప్పు బిడ్డా, చిన్న పోరగాండ్లకు గా నీళ్లు తాపొద్దని," అంది. "ఇంకా ఎంపికే కాలే అత్తా," అంటే వినలేదు. కండక్టర్ నా చేతిలో ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ పెట్టి, "దేవరకొండల దిగి బస్సు మారాలె బిడ్డా, ఇది ఆడిదాకనే," అన్నాడు. అక్కడ ఇడ్లీ తిని, డిండి మీదుగా వెళ్లే బస్సెక్కితే పదిన్నరకు అచ్చంపేట. మగవాళ్లకైతే వెళ్లడానికి టికెట్లకు రెండొందలు సరిపోతాయి. డిండి దాటాక నల్లమల కొండలు నీలంగా లేస్తాయి. అవి చూస్తుంటే వాటి వెనకే సముద్రం ఉన్నట్టు, దాని అవతల నా కోసం ఎవరో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. షేర్ ఆటోలో ఇరవై రూపాయలిచ్చి శిబిరానికి చేరాను.

వచ్చినవాళ్లం పదిహేను మందిమి, పంపేది ఇద్దరినే. మధ్యాహ్నం దాకా ఒక గూడెంలో వర్షపునీటి గుంత తవ్వాం. నా పక్కన పార పట్టింది అచ్చంపేట అమ్మాయి శిరీష. భోజనాల దగ్గర నేను ఇంటర్వ్యూ కోసం ఇంగ్లీషు జవాబులు బట్టీ పడుతుంటే, పప్పు వడ్డిస్తున్న వంటమనిషి ఎల్లమ్మ నవ్వింది. "గదంతా ఎందుకు బిడ్డా? నీ మనసుల ఏమున్నదో గది జెప్పరాదూ!"

"పని ఇక్కడా ఉంది కదా, విదేశానికే ఎందుకు?" అని ఇంటర్వ్యూలో సంఘం పెద్దలు అడిగారు. తెలుగులోనే చెప్పాను. "మా బాధ మా ఒక్కళ్లదే అనుకుని పెరిగాం సార్. అదే బాధ పడ్డోళ్లు ఇంకో చోట ఉన్నరని తెలిశాక, పోయి ఒక్కసారి చూడకుండా ఉండలేకపోతున్న."

నాలుగింటికి పేర్లు చదివారు. మొదటిది నాదే. వెంటనే పాస్‌పోర్టు అడిగారు. ఎంపికయ్యాక చేయించుకుందామనుకున్నానని చెప్పాను. ప్రయాణం మూడు వారాల్లోనే. నా పదో తరగతి మెమోలో ఒక పుట్టినతేదీ, ఆధార్‌లో ఇంకోటి. అది సరిచేయించుకునే లోపే గడువు దాటింది. నా చోటు జాబితాలో మా ఇద్దరి తర్వాత ఉన్న పేరుకు వెళ్లింది. అది శిరీషది.

ఆమే ఫోన్ చేసింది. "అక్కా, నీ జాగల నేను పోవుడు మంచిగనిపిస్తలేదు." "పోయిరా శిరీషా. మా అత్త మాట అక్కడి తల్లులకు చెప్పు," అన్నాను. చెప్పింది కూడా. అక్కడి నుంచి ఒక వీడియో పంపింది. ఒక ఇంటి అరుగు మీద నడుం వంగిన ముసలాయన కెమెరా వైపు చెయ్యి ఊపుతున్నాడు. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఇప్పుడు పాస్‌పోర్టు వచ్చింది. అప్పుడప్పుడు తీసి, ముద్రలు లేని పేజీలు తిప్పుతుంటాను. వెళ్లని దేశం మీద ఇంత బెంగ ఉంటుందని నాకు తెలియదు. ఈ ఏడాది మళ్లీ పేరిచ్చాను. ఆ ముసలాయన పక్కన, అదే అరుగు మీద, భాష రాకపోయినా ఒక సాయంత్రం కూర్చోవాలి. మీరూ ఇలాంటి కార్యక్రమానికి వెళ్లాలనుకుంటే, దరఖాస్తు కన్నా ముందు మీ కాగితాలన్నింటిలో పేరూ పుట్టినతేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుని, పాస్‌పోర్టు చేతిలో పెట్టుకోండి.