ఎవరికైనా అభ్యంతరం ఉందా

ఆ రోజుల్లో సింగపూర్‌లో తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా మొదటి ప్రశ్న ఒకటే: "ఏ ప్లాట్‌ఫామ్?" రైలు ప్లాట్‌ఫామ్ కాదు. జావానా, మెయిన్‌ఫ్రేమా, టెస్టింగా అని. ఐటీ మంచి ఊపు మీద ఉంది. వారానికొక కొత్త జంట సూట్‌కేసులతో మా బ్లాకులో దిగేది. మా ఆయనకు ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. నాకు ఉండేది కాదు. "నాది మైనింగ్" అంటే, "ఓ, డేటా మైనింగా అక్కా! ఫుల్ డిమాండ్ కదా" అనేవారు. మొదట్లో ఓపిగ్గా సరిదిద్దేదాన్ని. తర్వాత విసుగొచ్చి "అవును, డేటానే" అనడం మొదలుపెట్టాను. ఒకాయన నన్ను నమ్మి తన బయోడేటా కూడా పంపించాడు.

నా మైనింగ్ సముద్రం అడుగున. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలో, నాలుగైదు కిలోమీటర్ల లోతున, బంగాళాదుంపల్లాంటి నల్లటి రాళ్లు పరుచుకుని ఉంటాయి. వాటిలో నికెల్, రాగి, కోబాల్టు ఉంటాయి. ఒక్కో రాయి ఆ మాత్రం ఎదగడానికి లక్షల ఏళ్లు పడుతుంది. వాటిని ఎవరు తవ్వుకోవచ్చు, ఎంత తవ్వుకోవచ్చు అని తేల్చే అంతర్జాతీయ సభకు అప్పట్లో నేను అధ్యక్షురాలిని. భూగర్భశాస్త్రం చదివి, పరిశోధన ఓడల మీద వాంతులు చేసుకుంటూ ఆ రాళ్లను కొలిచినదాన్ని, చివరికి వాటి గురించి మనుషులు పోట్లాడుకునే చోట పెద్దకుర్చీలో కూర్చున్నాను. నా గొప్పేమీ లేదు. పెద్ద దేశాలు ఒకరి మనిషిని ఒకరు ఒప్పుకోక, ఎవరికీ అడ్డురాని మనిషి కోసం వెతికితే నేను కనిపించాను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారు. ఆ పిల్లికి దక్కినవి విమానం టిక్కెట్లు, నడుంనొప్పి.

మా సభలో ఓటింగ్ అంటే నామోషీ. ఏ నిర్ణయమైనా అందరూ ఒప్పుకుంటేనే. ఒప్పుకోవడమంటే చెయ్యి ఎత్తడం కాదు, ఊరుకోవడం. నేను వాక్యం చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడుగుతాను. ఉన్నవాళ్లు తమ ముందున్న దేశం పేరు పలకను నిలువుగా నిలబెడతారు. ఎవరూ నిలబెట్టకపోతే చెక్కసుత్తితో బల్ల మీద కొడతాను. అంతటితో అయిపోయినట్టు. నాలుగేళ్లలో ఆ సుత్తి ఎన్నిసార్లు కొట్టానో నాకే తెలియదు. కుడిచేతి మణికట్టుకు ఇప్పటికీ అప్పుడప్పుడు పట్టీ కట్టుకుంటాను.

ఆ ఏడాది సమావేశాలు సింగపూర్‌లోనే పెట్టారు, ఒక హోటల్ హాల్లో. నేను ఎగిరి గంతేశాను. రెండు వారాల పాటు సూట్‌కేసు తెరవనక్కర్లేదు, ఆంగ్ మో కియోలో మా ఫ్లాట్ నుంచి రైలెక్కి సభకు పోయి, సాయంత్రానికి ఇంట్లో నా మంచం మీద నేను పడుకోవచ్చు. రెండో రోజుకే ఆ సంబరం తీరిపోయింది. ఊరు కాని ఊళ్లో సభ జరిగితే సాయంత్రం గదికి పోయి తలుపేసుకుంటాం. ఇక్కడ పొద్దున్నే అన్నం వండి, కూర కలియబెట్టి వెళ్లి దేశాల మధ్య తగువు తీర్చాలి. తిరిగొచ్చి వాషింగ్ మెషీన్ తిప్పాలి. మా ఆయన ప్రాజెక్టు గో-లైవ్ అంటూ ఆఫీసుకే అతుక్కుపోయాడు. కాకినాడ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా అత్తగారు రాత్రి వంట అందుకోకపోతే ఆ పక్షం రోజులూ మేమంతా బిస్కెట్లు తిని బతికేవాళ్లం.

అత్తగారు ఒకసారి అడిగింది, "ఏవమ్మాయ్, ఆ రాళ్లు ఎవరివే అసలు?"

"అందరివీ అత్తయ్యా."

"అందరివీ అంటే ఎవరివీ కాదన్నమాటేగా. ఎవడికి బలముంటే వాడు పట్టుకుపోతాడు."

ఆవిడ ఒక్క ముక్కలో తేల్చిన సంగతికి మేము కొన్ని వందల పేజీలు రాసుకున్నాం.

ఆ సమావేశాల్లో పీటముడి పడింది ఒకే ఒక్క వాక్యం దగ్గర. ఏదైనా కంపెనీ తవ్వకానికి దరఖాస్తు పెడితే, గడువులోగా ఏ దేశమూ అభ్యంతరం చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలి. పెద్ద దేశాలకు ఆ వాక్యం కావాలి. వాళ్ల దగ్గర దరఖాస్తులు చదవడానికే ఒక అంతస్తు నిండా లాయర్లు ఉన్నారు. చిన్న దేశాల్లో కొన్నిటికి బెరుకుగానే ఉన్నా, ఏదో ఒకటి తెగితే చాలన్న స్థితికి అందరూ వచ్చేశారు.

ఒక్కాయన మాత్రం ఆ స్థితికి రాలేదు. పసిఫిక్‌లో ఒక చిన్న దీవి ప్రతినిధి. డెబ్బై దాటిన మనిషి, పూర్వం బడిపంతులు. మిగతా దేశాలకు వెనక వరుసలో నలుగురేసి సహాయకులు ఉంటే, ఈయన పక్కనా వెనకా ఖాళీ కుర్చీలే. బుధవారం టీ విరామంలో నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "మేడమ్, మా ఆఫీసులో ఇద్దరమే. మీ కాగితం మా దీవికి చేరి, నేను కళ్లజోడు వెతుక్కుని చదివేసరికి గడువు దాటిపోతుంది. మా చేపలు తిరిగే నీళ్ల పక్కనే బురద లేపుతారు. మేం ఒప్పుకున్నామని రాసుకుంటారు. ఆ వాక్యం మీద నేను మాట్లాడాలి." తప్పకుండా మాట్లాడండి అన్నాను. ఒక్క దేశం అడ్డుచెప్పినా ఆ వాక్యం ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

శుక్రవారం సాయంత్రం ఆ వాక్యం సభ ముందుకొచ్చింది. ఆరుగంటలకు అనువాదకులు లేచిపోతారు. ఐదూ యాభై అయింది. పొద్దుటి నుంచి నాకు తలపోటు. చదివాను. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగి హాలంతా చూశాను. ఒక్క పలకా లేవలేదు. ఆయన వైపు కూడా చూశాను. రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని, నిటారుగా కూర్చుని, నా ముఖంలోకే చూస్తున్నాడు. ఏదో జరగాలని ఎదురుచూస్తున్నట్టు ఉంది ఆ చూపు. అది నేను గమనించలేదని ఇప్పుడు అబద్ధమాడను. గమనించాను. అలిసిపోయి ఉన్నాను. ఆయనే మనసు మార్చుకున్నాడేమోనని నాకు నేను చెప్పుకుని, సుత్తి కొట్టాను.

చప్పట్లు మోగాయి. ఇద్దరు ముగ్గురు వచ్చి కరచాలనం చేశారు. ఆయన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. అంతకు ముందు రోజే ఆయన్ని ఆదివారం భోజనానికి పిలిచాను. ఇంటి తిండి లేక వారం రోజులుగా హోటల్ బ్రెడ్డు తింటున్నాడని జాలేసి పిలిచిన పిలుపు. ఇప్పుడు రాకపోతే బాగుండునని లోలోపల కోరుకున్నాను. ఆయన చెప్పిన టైముకి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తిండికొట్లుండే హాకర్ సెంటర్ దగ్గర కొన్న బొప్పాయి పండు పట్టుకుని వచ్చాడు.

మా అత్తగారు చేపల పులుసు పెట్టింది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, ఆయనకు తెలుగు రాదు, అయినా భోజనం నడవడానికి ఏ అనువాదకుడూ అవసరం లేకపోయింది. ఆయన రెండు ముక్కలు తిని, కంచం మీద చెయ్యి అడ్డంపెట్టాడు.

"అయ్యో, అప్పుడే చాలంటారేంటండీ? ఇంకొక్క ముక్క," అంది అత్తగారు.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మొహమాట పడకండి బాబూ, ఇది మీ ఇల్లే అనుకోండి. అమ్మాయ్, చెప్పవే," అంటూనే చెయ్యి పక్కకు జరిపి ముక్క వేసేసింది. ఆయన నవ్వుతూ దాన్నీ తిన్నాడు, ఇంకో ముక్క కూడా తిన్నాడు. వద్దన్నవాడికి మళ్లీ ఎందుకు పెడతారని నన్ను అడిగాడు.

"మా ఇళ్లల్లో మొదటిసారి వద్దనడం మర్యాదండీ. నిజంగా వద్దో కాదో రెండోసారి కొసరి అడిగితే గానీ తెలియదు. అడగకపోతే పెట్టడం ఇష్టంలేదని అర్థం," అన్నాను, ఏదో పండితురాలిలా.

ఆయన పులుసు కలిపిన వేళ్లు కంచం అంచున ఆనించాడు. "మా దీవిలోనూ అంతే. మాటల్లో కూడా అంతే. పెద్దలు కూర్చున్న చోట మనంతట మనం లేచి మాట్లాడం. సభ నడిపేవాడు పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచినా ఒకసారి వద్దంటాం. మళ్లీ పిలిస్తే మాట్లాడతాం." తప్పు పట్టినట్టు కాకుండా మామూలుగా అన్నాడు, "శుక్రవారం మీరు పిలుస్తారని చూశాను."

పాతికేళ్లుగా మా అమ్మ, అత్తగారు, నేను, ఎంత దూరపు చుట్టానికైనా రెండోసారి అడగకుండా కంచం ఎత్తలేదు. అక్కడ సభలో, ఒక దేశం విషయంలో, ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. సిగ్గేసింది. క్షమించమని అడగాల్సింది. అడగలేదు. అధ్యక్షురాలు ఒక పక్షానికి విడిగా మాట ఇవ్వకూడదన్న నియమం గుర్తొచ్చింది. నా మనసులో మాత్రం అప్పుడే నిశ్చయించుకున్నాను. సోమవారం ఉదయం వారం నివేదిక ఆమోదానికి వస్తుంది. అది ఆమోదం పొందేదాకా ఏ నిర్ణయాన్నైనా తిరగదోడవచ్చు. పేరు పెట్టి పిలుస్తాను. పెద్ద దేశాలు మండిపడతాయి, మళ్లీ ఇంకో ఏడాది ఇదే తగువు, పడనీ.

ఆయన చేతులు కడుక్కుంటుంటే అత్తగారు జంతికలు పొట్లం కడుతూ, "అమ్మాయ్, ఈయన ప్రయాణం ఎప్పుడో అడుగు," అంది.

"ఇంకా మూడు రోజులు సభలున్నాయి అత్తయ్యా. ఇక్కడే ఉంటాడు," అన్నాను. ఆయన్ని అడగకుండా నేనే జవాబు చెప్పేశాను. ఒక వాక్యం తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చే ఓపిక కూడా అప్పుడు నాకు లేకపోయింది.

ఆయన అత్తగారికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి వెళ్లాడు. ఎందుకు ముఖం అలా వాడిపోయిందని ఆవిడ నిలదీస్తే, జరిగినదంతా చెప్పాను. "అయితే రేపు అడుగు. అడిగితే పోయేదేముంది? పెద్దాయన, ఉసురు పోసుకోకు," అంది.

సోమవారం నేను అందరికంటే ముందు హాల్లో ఉన్నాను. తొమ్మిదిన్నరకు కుర్చీలు నిండాయి. ఆయన కుర్చీలో ఎవరూ లేరు. బల్ల మీద దేశం పలక ఉంది. ఈ ఊళ్లో హాకర్ సెంటర్‌లో బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ చోటు చోప్ చేసినట్టే, అంటే పట్టిపెట్టుకున్నట్టే, ఎవరూ కూర్చోరు, మనిషి ప్లేటు తెచ్చుకుని తిరిగొస్తాడు. నేను కూడా ఆ పలకను అలాగే చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు ఆలస్యం చేశాను. చివరికి సభ కార్యదర్శి నా చెవిలో చెప్పాడు, "ఆయన పొద్దున్నే వెళ్లిపోయారు మేడమ్. ఆ దీవికి వారానికి ఒకటే విమానమట."

నివేదికలో ఆ పేజీ వచ్చింది. ఆ దేశం పేరు చెప్పి, ప్రతినిధి మాట్లాడదలిచారా అని అడిగాను. తలలు ఆ కుర్చీ వైపు తిరిగాయి. రెండోసారి అడిగాను. ఎవరో నవ్వాపుకున్నారు. మూడోసారి అడిగేటప్పుడు నా గొంతు నాకే వింతగా వినిపించింది. కార్యదర్శి నా వైపు భయంగా చూశాడు. లేని మనిషి అభ్యంతరాన్ని అధ్యక్షురాలు తన నోటితో చెప్పడానికి నియమావళిలో ఎక్కడా చోటు లేదు. ఉందేమోనని వెతికాను కూడా. సుత్తి కొట్టాను.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగానే అత్తగారు వంటింట్లోంచి అడిగింది. "అడిగావా ఆయన్ని?"

"అడిగాను."

"ఒక్కసారేనా?"

"మూడుసార్లు అడిగాను అత్తయ్యా."

"ఏవన్నాడు?"

"ఏమీ అనలేదు."

"మరింకేం. మౌనం అర్ధాంగీకారమన్నారు. నీ ధర్మం నువ్వు చేశావు. కాళ్లు కడుక్కుని రా, అన్నం పెడతాను," అంది.

కుర్చీ ఖాళీగా ఉందని ఆవిడకు చెప్పలేదు. చెబితే, ప్రయాణం ఎప్పుడో అడగమన్నాను కదే అంటుంది. నిజమే, అడగమంది. నేను వెళ్లి అన్నం తిన్నాను.