ఐలేశ్ విప్పిన మూటలు

టేకుమట్లలో నెట్ సెంటర్ నడిపే ఐలేశ్‌కు ఒకటే జబ్బు. తాను పంపిన మెయిల్ అవతలివాళ్ళకు తెరుచుకుందంటే నమ్మడు. పంపిన రెండో నిమిషంలో ఫోన్ చేస్తాడు. తెరుచుకుందంటే, “అయితే మూడో లైన్ల ఏమున్నదో సదువుండ్రి” అంటాడు.

ఈ జబ్బు ముత్తయ్య అర్జీతో పట్టుకుంది. పొలం మీద కరెంటు తీగలు వేలాడుతున్నాయని ఆ రైతు ఐలేశ్‌తో టైపు చేయించి కరెంటాఫీసుకు పంపాడు. పాత ఫాంటులో కొట్టిన తెలుగు, అవతలి కంప్యూటర్‌లో కొక్కేలూ ప్రశ్నార్థకాలూ అయి కూర్చుంది. “నువ్వు రాసింది ఏ దేశం భాషయ్యా?” అన్నాడట ఆఫీసరు. అప్పటినుంచి ఐలేశ్ ప్రతి అక్షరాన్నీ యూనికోడ్‌లో కొట్టి, దాన్ని పీడీఎఫ్ చేసి, ఎందుకైనా మంచిదని ఫొటో కూడా తీసి, మూడూ కలిపి పంపుతాడు. ఆ తర్వాత ఫోను.

జనగామలో ఒక నర్సింగ్ కాలేజీ ఆఫీసు చూసే మమతకు అడ్మిషన్ల కాలమంటే, ఊరి పిల్లల దరఖాస్తులు పంపే ఐలేశ్ కాలమే.

“మమతక్కా, తెరుసుకుందా?”

“తెరుసుకుందన్నా.”

“పొల్ల ఫొటో నిలవడ్డదా, పండుకున్నదా?”

“నిలవడ్డది!”

“తలకట్లు తలల మీదనే ఉన్నయా?”

“అన్నా, నాకు ఇంకేం పని లేదనుకున్నరా?”

ఒకసారి మమత పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉండగా ఫోన్ మోగింది. ఎలాగో ఎత్తి “ఆఁ... ఆఁ...” అంది. “అక్షరాలు కరాబైనట్లున్నయక్కా, మళ్ల పంపుతున్న” అని ఇంకో మూడు పంపాడు.

ఇక భరించలేక మమత అతని నంబరును బ్లాక్ చేసింది. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు దరఖాస్తులకు చివరి తేదీ. పొద్దున్నే ఆఫీసు తలుపు తీసేసరికి ఎదురుగా ఐలేశ్! మూడు బస్సులు మారి వచ్చాడు.

“మీ ఫోన్ కలుస్తలేదక్కా. మా దిక్కు తండా పొల్ల లత దరఖాస్తు పంపిన. తెరుసుకుందా?”

మమత సిగ్గుపడుతూనే కసురుకుంటూ స్క్రీను తిప్పింది. లత కాగితాలన్నీ ముత్యాల్లా ఉన్నాయి.

“సూసిన్రు గదా? గిందుకోసం గింత దూరమొచ్చిన్రా?”

ఐలేశ్ చూపు అప్పటికే పక్కకు జారింది. “గీ ‘తెరువనివి’ అన్న డబ్బా ఏందక్కా? ఇరవై మూడున్నయి.”

“అన్నిట్ల విన్‌మెయిల్ అని ఏదో పేరుతోటి ఒకటే ఫైలున్నది. ఏం జేసినా తెరుసుకోదు. పక్కకు పెట్టమన్నడు ప్రిన్సిపాల్ సారు. మళ్ల పంపుతరేమోనని ఊకున్న.”

“పంపినమనే అనుకుంటరు గదక్కా. మళ్లెందుకు పంపుతరు?”

అతను నిష్ఠూరంగా అనలేదు. అయినా మమత గబుక్కున ఆ డబ్బా తెరిచింది. ఇరవై మూడు మంది పిల్లలు!

ఐలేశ్ కుర్చీ లాక్కున్నాడు. “పంపినోళ్ల తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఒక రకం మెయిల్ ప్రోగ్రాం ఉంటది. కాయితాలన్నిటిని తనకే సమజయ్యే మూట గట్టి పంపుతది. వేరే ప్రోగ్రాంకు ఆ ముడి ఇప్పరాదు. మనం ఇప్పుదం.”

ఏదో చిన్న సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఒక్కో మూటా విప్పసాగాడు. మార్కుల మెమోలు, ఫొటోలు, ఆధార్ కార్డులు బయటపడుతుంటే మమత గబగబా నమోదు చేసుకుంది. ఒక్కొక్కటి పూర్తికాగానే అతను ఫోన్ చేసేవాడు. “అమ్మా, నీది తెరుసుకున్నది. పరేషాన్ గాకు.” ముఖమైనా ఎరగని పిల్లలు వాళ్ళు. మహదేవపూర్ నుంచి ఒక తండ్రి సంతోషం పట్టలేక పావుగంట వదల్లేదు.

మధ్యాహ్నం మూడింటికి ఇరవై రెండు అయ్యాయి. ఇరవై మూడో మూటలోంచి మార్కుల మెమో రాలేదు, పెళ్ళికార్డు వచ్చింది. ఇదే కాలేజీలో చదివి, మహబూబాబాద్ దవాఖానలో నర్సుగా చేస్తున్న సుష్మితది. ‘మమత మేడం, ఆనాడు నా తరఫున సారుతో కొట్లాడి హాస్టల్ సీటు ఇప్పించారు. మీరు రాకపోతే నేను పీటల మీద కూర్చోను’ అని రాసి ఉంది. పంపి పది రోజులైంది. పెళ్ళి రేపే.

మమత కళ్ళు తుడుచుకుని తేరుకునేలోపే ఐలేశ్ ఫోన్ కలిపేశాడు.

“అమ్మా సుష్మితా, నీ కార్డు తెరుసుకున్నది. మమతక్క రేపొస్తున్నది.”

అటువైపు పిల్ల ఒకటే కేక. ఐలేశ్ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు.

“అక్కా, నన్ను గూడ రమ్మంటున్నది. మీరు ఎన్నింటికి బయలెల్లుతరు?”